నేను కలిపిన పావు

మొన్న ఆదివారం పార్సిప్పనీలో ఆరాధన అయ్యాక, అందరం బిర్యానీ ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉన్నాం. మా చర్చి పిల్ల షారన్ నా దగ్గరికొచ్చింది.

"ఆంటీ, నాకు స్టేట్ టాక్స్ ఆఫీస్‌లో జాబ్ వచ్చింది. నెక్స్ట్ మంత్ స్టార్ట్ చేస్తాను. మీరు ఆ వర్క్ చాలా ఇయర్స్ చేశారు కదా, నాకు ఒక్క అడ్వైస్ చెప్పండి," అంది.

వాళ్లమ్మ పక్కనుంచి అందుకుంది. "ఆంటీ ఎంత పెద్ద పొజిషన్‌లో రిటైరయ్యారో తెలుసా నీకు!"

పొజిషన్ సంగతి పక్కన పెట్టు తల్లీ. ఆఖర్న నాకు పెద్ద కుర్చీ ఇచ్చారు, ఆ కుర్చీలో కూర్చుని నేను నేర్చుకున్నది సున్నా. నేర్చుకున్నదంతా ఎనభైల మొదట్లో ఒక బ్రష్షుల ఫ్యాక్టరీ మెట్ల మీద నేర్చుకున్నాను. అదీ ఒక పెద్ద తప్పు చేసి. బిర్యానీ తింటూ నిలబడి చెప్పే విషయం కాదని, ఇలా రాస్తున్నాను.

గుంటూరు లెక్క

నేను బి.కాం. చదివి గుంటూరులో సేల్స్‌టాక్స్ ఆఫీసులో గుమస్తాగా చేరాను. మిర్చి వ్యాపారుల పుస్తకాలు, పొగాకు వ్యాపారుల పుస్తకాలు కట్టలుకట్టలుగా మా బల్లల మీదికి వచ్చేవి. మా సూపర్నెంటు గారు మొదటి రోజే పాఠం చెప్పారు.

"చూడమ్మాయ్, షావుకారు రాసింది రాసినట్టు నమ్మేస్తే ఇక నువ్వెందుకు, నేనెందుకు? పావు కలుపు. వాడే వస్తాడు."

నిజంగానే వచ్చేవాళ్లు. "అమ్మా, ఇంత అన్యాయమా! పిల్లలుగలవాణ్ణి, ఈ ఏడు మిర్చి అంతా తాలు పోయింది," అని మొత్తుకునేవాళ్లు. మేం కొంచెం దిగేవాళ్లం, వాళ్లు కొంచెం ఎక్కేవాళ్లు. చివరికి లెక్క ఎక్కడుండాలో ఇంచుమించు అక్కడికే చేరేది. వాళ్లు తగ్గించి రాస్తారని మాకు తెలుసు, మేం పెంచుతామని వాళ్లకి తెలుసు. అందులో దొంగతనం కంటే అలవాటే ఎక్కువ. చర్చిలో బైబిల్ కాలపు పన్ను వసూలుదార్లు, సుంకరుల గురించి ప్రసంగం వచ్చినప్పుడల్లా అందరూ నావైపు చూసేవాళ్లు, నాకు ఒళ్లు మండేది. ఈ రెండు వైపుల బేరం చూడని పాస్టరు గారికేం తెలుసు అనుకునేదాన్ని.

డెబ్బైల చివర సముద్రాలు దాటి ఈ దేశం వచ్చాం. మావారికి ఇక్కడి ఈశాన్య రాష్ట్రాల్లో, నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. ఏడాది తిరక్కుండానే నాకు ఆ ఊరి టౌన్ హాల్‌లో, అసెసర్ ఆఫీసులో పని దొరికింది. ఊళ్లో ఉన్న ప్రతి ఫ్యాక్టరీ యంత్రాల మీద, సరుకు మీద ఊరు పన్ను వేస్తుంది. ఆ యంత్రాల విలువ ఎంతో తేల్చడమే అసెసర్ పని. మా అసెసర్ పేరు వాల్టర్. పొడుగ్గా, వంగిపోయి, ఎప్పుడూ జలుబు చేసినట్టు మాట్లాడే మనిషి.

మొదటి వారం వాల్టర్ ఒక పెట్టెడు ఫారాలు నా ముందు పెట్టాడు. ఏటా అక్టోబర్ ఒకటిన ఎవరి దగ్గర ఏ యంత్రం ఉందో, ఎప్పుడు కొన్నారో వాళ్లే రాసి పంపుతారట.

"మనం అడక్కుండానే?" అన్నాను.

"ఫారం పంపిస్తాంగా. అదే అడగడం," అన్నాడు.

"అబద్ధం రాస్తే?"

"కొందరు రాస్తారు," అన్నాడు, ఊళ్లో కొందరికి పడిశం పడుతుందన్నట్టు. ఇంత పెద్ద దేశం, ఇన్ని ఫ్యాక్టరీలు, ఈ కాగితం ముక్క మీద నడుస్తోందా అనుకున్నాను.

మూడో అంతస్తు

నమ్మలేదు, అదీ సంగతి. ఆశ్చర్యపోయాను గానీ నమ్మలేదు.

ఆ ఫారంలో 'యంత్రం స్థితి' అని ఒక గడి ఉండేది. యంత్రం పాతబడి అరిగిపోయి ఉంటే 'అరిగింది' అని రాయాలి, తరుగుదల పోను తక్కువ విలువ కట్టాలి. వయసుకు మించి గట్టిగా ఉంటే 'బాగుంది' అని రాయొచ్చు, అప్పుడు విలువ పావు ఎక్కువ పడుతుంది. ఏది రాయాలన్నది వెళ్లి చూసినవాళ్ల ఇష్టం. వెళ్లి చూసేది నేను. చూసిన ప్రతి యంత్రానికీ 'బాగుంది' అని రాశాను. ఆ గడి చూడగానే మా సూపర్నెంటు గారు చెవిలో మాట్లాడినట్టుండేది. వాల్టర్ నేను పెట్టిన కాగితాల మీద చదవకుండానే సంతకం చేసేవాడు.

ఊళ్లో అన్నిటికంటే పాతది మిసెస్ ప్రాట్ బ్రష్షుల ఫ్యాక్టరీ. గోడలకి రంగు వేసే బ్రష్షులు చేస్తారు. ఊళ్లో ఏ వీధికి వెళ్లినా అక్కడ పనిచేసే మనిషి ఒకరుండేవారు. మొగుడు పోయాక డెబ్బై ఏళ్ల ఆవిడ ఒక్కతే దాన్ని నడుపుతోంది. మొదటిసారి వెళ్లినప్పుడు మోకాళ్ల లోతు మంచు. చీర మీద కోటు, కాళ్లకి మంచు బూట్లు. మూడంతస్తులూ ఎక్కి ప్రతి యంత్రాన్నీ చేత్తో తాకి చూశాను.

పై అంతస్తులో కుచ్చులు కట్టే యంత్రం ఒకటుంది. నా వయసు కంటే పాతది. అయినా నల్లగా నిగనిగలాడుతోంది. దాని దగ్గర ఫ్రాంక్ అని ఒకాయన నూనె గుడ్డ పట్టుకుని నిలబడి, నేను రాసేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. 'బాగుంది' అని రాశాను. వెళ్లబోతుంటే మిసెస్ ప్రాట్ ఆపింది.

"అటకమీద చెక్క పిడులు చెక్కే పాత లేత్ ఒకటుంది. నా ఫారంలో రాయడం మరిచిపోయాను. అది కూడా రాసుకోండి."

ఓహో అనుకున్నాను. చిన్నది చూపించి పెద్దది దాచే ఎత్తు! మా మిర్చియార్డు షావుకార్లకి ఇది కొత్తేం కాదు. ఆ లేత్‌కి కూడా 'బాగుంది' అని రాశాను.

ఇక బేరానికి వస్తారని చూశాను. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు రాలేదు. అందరూ వేసినంతా కట్టేశారు. అరవలేదంటే ఏదో దాచినట్టే, పావు కలిపి మంచి పని చేశాను అని సంబరపడ్డాను. రెండో ఏడు కూడా అలాగే కలిపాను, మూడో ఏడు కూడా.

వంతెన అవతలివాళ్లు

నది వెంబడి ఐదు ఊళ్లకి పాత ఒప్పందం ఒకటుండేది. ఫ్యాక్టరీల మీద ఐదు ఊళ్లూ ఒకే రేటు వెయ్యాలి, ఒకళ్ల ఫ్యాక్టరీని ఇంకొకళ్లు తక్కువ పన్ను ఆశచూపి లాక్కోకూడదు. దానికి బదులు వంతెన అవతల రైలు పట్టాల పక్కనున్న పెద్ద గోడౌన్‌లో ఐదు ఊళ్ల సరుకూ దాచుకోవచ్చు, అక్కడ మళ్లీ పన్నుండదు. మిసెస్ ప్రాట్ బ్రష్షులు చలికాలమంతా ఆ గోడౌన్‌లోనే ఉండి, వసంతంలో దేశమంతటికీ వెళ్లేవి.

అయితే మా ఊరి ఫ్యాక్టరీలవాళ్లు నలుగురు కలిసినచోట ఒక మాట మొదలైంది. రేటు ఒకటే, యంత్రాలూ ఒకటే, అయినా వంతెన అవతల ఫ్యాక్టరీలున్న మన చుట్టాలకి తక్కువ పడుతోంది, మనకి ఎక్కువ పడుతోంది, ఏమిటిది అని. అవతలి ఊళ్లు రహస్యంగా రాయితీలిస్తున్నాయని తేల్చారు. ఆ రోజుల్లో వాషింగ్టన్ నుంచి వీధి చివర దాకా ఎక్కడ విన్నా పన్నుల కోత మాటే. ఒప్పందంలోంచి బయటికొచ్చేద్దాం, మన పన్ను మనమే తగ్గించుకుందాం అని ఊరు కదిలింది.

వాల్టర్ నన్నడిగాడు. "నువ్వేమంటావు రత్నం? వాళ్లు మోసం చేస్తున్నారంటావా?"

"నూటికి నూరుపాళ్లు," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. "దొంగ లెక్కలు ఎలా ఉంటాయో నాకు తెలుసు."

ఊరు చేతులెత్తి ఓటేసింది. ఒప్పందం వదిలేశాం. అవతలివాళ్లకి ఎంత పడుతోందో అంతకి సరిపోయేలా ఫ్యాక్టరీల పన్ను ఐదో వంతు కోసేశాం. బేకరీ అతను ఆ రోజు అందరికీ డోనట్లు ఊరికే పెట్టాడు. వారం తిరక్కుండా అవతలి నుంచి ఉత్తరం వచ్చింది. మీరు మాలో లేరు గనక, అక్టోబర్ ఒకటిన గోడౌన్‌లో ఉండే మీ సరుకుకి ఇక్కడ కూడా పన్ను వేస్తాం అని. మిసెస్ ప్రాట్ వచ్చి వాల్టర్‌తో చెప్పింది. దక్షిణాదిన ఒక రాష్ట్రం వాళ్లు ఫ్యాక్టరీని తెచ్చుకోమని స్థలం ఇస్తామంటున్నారట. గోడౌన్‌లో రెండో పన్ను కూడా కట్టాల్సివస్తే తాను నిలబడలేనంది. అక్టోబర్‌కల్లా తేల్చుకుంటానంది.

పుస్తకాలిచ్చి భోజనానికి వెళ్లిన మనిషి

ఆ ఫ్యాక్టరీ పోతే ఊళ్లో సగం ఇళ్ల పొయ్యిలు ఆరిపోతాయి. అవతలివాళ్ల మోసం పట్టుకుంటే వాళ్ల నోరు మూయించవచ్చు, గోడౌన్ మనకి దక్కుతుంది అనుకున్నాను. వాల్టర్ కారు తీసుకుని వంతెన దాటాను. అవతలి అసెసర్ మిస్టర్ డోయల్ అని గుండ్రటి పెద్దాయన.

"మీ ఫ్యాక్టరీల పుస్తకాలు చూడొచ్చా?" అన్నాను, గొడవకి సిద్ధపడి.

"అవి ఎవరైనా చూడొచ్చు. కాఫీ తాగుతారా?" అన్నాడు. అలమర నుంచి పుస్తకాలన్నీ దించి నా ముందు పెట్టాడు. గడియారం చూసుకుని, "నాకు భోజనం వేళైంది. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి లాగెయ్యండి," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నేను ఆ గదిలో ఒక్కదాన్నే. వాళ్లమీద నిందవేసి ఒప్పందం తెంచుకుపోయిన ఊరి మనిషిని, మొదటిసారి చూస్తున్న పరాయిదాన్ని. నాకు తన ఆఫీసంతా వదిలేసి సూపు తాగడానికి వెళ్లాడు! ఈ మనిషి అమాయకుడా, మహానుభావుడా అని ఆ మూసిన తలుపు కేసి చాలాసేపు చూశాను.

తర్వాత పుస్తకాలు తెరిచాను. అక్కడ కూడా మిసెస్ ప్రాట్ దగ్గరున్నటువంటి లేత్ ఒకటుంది. అదే కంపెనీ, అదే ఏడు. స్థితి గడిలో 'అరిగింది' అనుంది. ఇంకో యంత్రం చూశాను. 'అరిగింది'. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ ఉన్నదున్నట్టు రాసినవే. రహస్యం లేదు, రాయితీ లేదు. వాళ్లు నూరని రాసిన చోట నేను నూటపాతిక అని రాశాను. నూటపాతికలో ఐదో వంతు కోస్తే మళ్లీ నూరే.

ఊరంతా చేతులెత్తి కోసింది నేను కలిపిన పావునే. ఆ పావు కోసమే పక్క ఊళ్లవాళ్లని దొంగలన్నాం, గోడౌన్ పోగొట్టుకున్నాం. పుస్తకాలు ఎక్కడివక్కడ సర్ది, తలుపు దగ్గరికి లాగి, కార్లో కూర్చుని ఏడ్చాను.

ఆ ఆదివారం చర్చికి డ్రైవ్ చేస్తూ మావారు అన్నారు. "రత్నం, ఆలోచించు. మనకింకా సిటిజన్‌షిప్ రాలేదు. ఎవరికీ తెలీదు కదా. వచ్చే ఏడు నుంచి కరెక్టుగా రాసెయ్, సరిపోతుంది."

"వచ్చే ఏడుకి ఆ ఫ్యాక్టరీ ఉండదండీ," అన్నాను. ఆయన చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు.

వాల్టర్

సోమవారం వాల్టర్ ముందు నేను రాసిన ఫారం, అవతలి పుస్తకాల్లో చూసి రాసిన లెక్క పక్కపక్కన పెట్టి చెప్పేశాను. గుంటూరు సంగతితో సహా. అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిట్టి పొమ్మంటాడనుకున్నాను.

"నీ ఫారం కింద ఎవరి సంతకముంది?" అన్నాడు.

"మీది."

"చదవకుండా పెట్టాను. అయితే తప్పు ఇద్దరిదీ. శనివారం ఊరి మీటింగ్ ఉంది. అందరికీ చెప్పాలి. నేను చెప్పనా?"

షారన్, ఇది గుర్తుపెట్టుకో. ఆ తర్వాత నేను చాలామంది బాసుల్ని చూశాను. తెలివైనవాళ్లున్నారు, మాటకారులున్నారు. కింది మనిషి చేసిన తప్పులో తన వాటా తనే లెక్కగట్టి తీసుకున్న బాసుని మళ్లీ చూడలేదు. ఆ మాట విన్నాక నాకు ధైర్యమొచ్చింది. "నేనే చెప్తాను," అన్నాను.

స్కూలు జిమ్ములో

ఈ దేశపు చిన్న ఊళ్లలో మీటింగంటే ఏమిటో నువ్వు చూసి ఉండవు. స్కూలు జిమ్ములో మడత కుర్చీలు వేసుకుని, స్వెట్టర్లు అల్లుకునేవాళ్లు అల్లుకుంటూ, ఊరి ఖర్చు ప్రతిదీ చేతులెత్తి తేలుస్తారు. చెత్తబండి డ్రైవరుకి ఒక చెయ్యి, బ్యాంకు మేనేజరుకి ఒక చెయ్యి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఆ శనివారం పొద్దున్న వాళ్లందరి ముందుకీ వెళ్లి నిలబడ్డాను.

వంకర టింకర ఇంగ్లీషులో ఉన్నదంతా చెప్పాను. హార్డ్‌వేర్ షాపతను లేచాడు.

"అంటే వంతెన అవతలివాళ్లు మోసం చెయ్యలేదా?"

"చెయ్యలేదు. తప్పు నాది. మిమ్మల్ని నమ్మకుండా ఎక్కువ రాశాను. మీరొచ్చి దెబ్బలాడతారనుకున్నాను. మీరెవరూ రాలేదు."

వెనకనుంచి ఎవరో, "ఈవిడకి ఇంకా జీతమెందుకిస్తున్నాం?" అని అరిచారు. ఇంకొకరు అవునన్నారు. నాకది న్యాయంగానే తోచింది.

అప్పుడు మిసెస్ ప్రాట్ ముందు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది.

"నేను ఎందుకు దెబ్బలాడలేదో చెప్తాను," అంది నన్ను చూసి. "నీకు ముందు టౌన్ హాల్ నుంచి ఎవరూ నా మూడో అంతస్తు ఎక్కలేదు. నువ్వు అంత మంచులో ఎక్కి, ప్రతి యంత్రాన్నీ తాకి చూసి, 'బాగుంది' అని రాశావు. మా ఫ్రాంక్ రోజూ దానికి నూనె పెట్టి తుడుస్తాడు. అది గమనించి మెచ్చుకుందీ అమ్మాయి అనుకున్నాం. పన్ను ఎక్కువే పడింది. కానీ ఆ కాగితం నకలు తీసి యంత్రం పక్కన గోడకి అంటించుకున్నాడు ఫ్రాంక్. ఇంకా అక్కడే ఉంది."

ఉద్యోగం పోతుందన్నప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. నేను దొంగని పట్టుకోవడానికి వేసిన వలని వాళ్లు మెప్పనుకుని గోడకి అంటించుకున్నారు. దాని కోసం మూడేళ్లు నోరు మెదపకుండా డబ్బు కట్టారు. ఇలాంటి మనుషులుంటారని నాకెవరూ చెప్పలేదు.

ఆవిడే మళ్లీ అంది. "ఈ అమ్మాయిని పంపేస్తే తర్వాత వచ్చేవాళ్లు తప్పు చేసినా చెప్పరు. లెక్క సరిచెయ్యండి. వంతెన అవతలికి వెళ్లి క్షమాపణ చెప్పండి. నాకు కావలసింది అదే."

చేతులు లేచాయి. ముందు కొన్ని, తర్వాత చాలా. చివరికి హార్డ్‌వేర్ షాపతనూ ఎత్తాడు. విలువలన్నీ సరిచేశాం. కోసిన పన్ను కోసినట్టే ఉండటంతో ఊరికి రాబడి తగ్గింది, ఆ ఏడంతా లైబ్రరీ సోమవారాలు మూసేశారు. సోమవారం లైబ్రరీ ముందునుంచి నడిచినప్పుడల్లా తలొంచుకునేదాన్ని. వాల్టర్‌కీ నాకూ చెరొక మందలింపు ఉత్తరం వచ్చింది. మేమిద్దరం వెళ్లి చెప్తే మిస్టర్ డోయల్ అంతా విని, "గోడౌన్ సంగతి మావాళ్లతో మాట్లాడతాను," అన్నాడు. ఆ వేసవిలోనే పన్ను లేకుండా మా సరుకుకి గోడౌన్ మళ్లీ తెరిచారు. ఒప్పందంలోకి రానివ్వడానికి మాత్రం ఇంకా రెండేళ్లు పట్టింది.

పన్ను తగ్గించడం తప్పని నేననను, పెంచడం ఒప్పనీ అనను. ఎక్కడ కొవ్వుందో చూడకుండా కోస్తే మాత్రం మంచి కండ తెగుతుంది. నా ఉద్యోగమంతటిలో ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నాకు తెలీదు.

అక్టోబర్

అక్టోబర్ వచ్చింది. మిసెస్ ప్రాట్ ఫారం పోస్టులో పంపలేదు, తానేం తేల్చుకుందో చెప్తాను రమ్మని కబురు పెట్టింది. వెళ్లాను. ఆఫీసు గదిలో కూర్చుని ఫారం నా ముందుకి తోసింది. పాత యంత్రాలన్నీ ఉన్నాయి. చివర కొత్త సిరాతో ఒక వరస ఉంది. పిడులు చెక్కే లేత్, కొత్తది, ఈ నెల్లోనే కొన్నది.

వెళ్లిపోయే మనిషి కొత్త లేత్ కొనదు. పెన్ను తీసి, పైకి వెళ్లకుండానే, ఆవిడ రాసింది రాసినట్టు ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టబోయాను.

ఆవిడ ఫారం వెనక్కి లాగేసుకుంది. "పైకెళ్లి చూడవా?"

"మీరు రాశారు కదా."

"నేను ముసలిదాన్ని, పొరపాటు రాసి ఉండొచ్చు. వెళ్లి చూడు. అది నీ ఉద్యోగం," అంది కోపంగా.

ఎక్కాను. మూడంతస్తులూ. ఫ్రాంక్ అదే నూనె గుడ్డతో అదే యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. గోడ మీద నా చేతిరాత కాగితం, అంచులు పసుపెక్కి, అలాగే ఉంది. యంత్రం మీద చెయ్యి పెట్టి చూశాను. పళ్లు అరిగాయి, ఇరుసు వదులైంది. ఫారంలో 'అరిగింది' అని రాశాను. ఫ్రాంక్ తొంగిచూసి తల దించుకున్నాడు.

"ఫ్రాంక్, ఇది ముసలిదైపోయింది, ఉన్నదున్నట్టు రాయాలి నేను," అన్నాను. "కానీ దీన్ని నువ్వు చూసుకుంటున్నంత బాగా ఈ ఊళ్లో ఎవరూ ఏ యంత్రాన్నీ చూసుకోవడం లేదు. అన్ని ఫ్యాక్టరీలూ ఎక్కి చూశాను."

ఆయన ముఖం ఎర్రబడింది. గుడ్డ తీసుకుని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. ఆ మాట నేను మొదటి రోజే నోటితో చెప్పి, కాగితం మీద నిజం రాసి ఉండాల్సింది.